బొమ్మ టైంపీసులు: కీ ఎక్కువ తిప్పితే స్ప్రింగ్ పోతుందా?

“అన్నా, మావాడు కీ ఎక్కువ తిప్పేశాడు. స్ప్రింగ్ పోయినట్టుంది.”

గుంటూరు కొత్తపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా రిపేరు బల్ల. గింజలు పొడిచే కోడి, తల ఊపే మిక్కీ మౌస్, ఇలాంటి పాత అలారం టైంపీసులు పోగుచెయ్యడం, బాగుచెయ్యడం నా పని. ఇవి పట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది గుమ్మంలోనే అనే మాట ఇది. పక్కనే తప్పు చేసినవాడిలా ఓ పిల్లాడు నిలబడి ఉంటాడు. వాడి తప్పేమీ లేదని చెప్పడానికే నాకు సగం పొద్దు పోతుంది.

నడిచే టైంపీసుకు రోజూ కీ ఇస్తాం, స్ప్రింగ్ రోజంతా విప్పుకుంటుంది. ఆగిపోయినదాంట్లో విప్పుకోదు. ఆగిందేమిటా అని మళ్లీ కీ తిప్పుతాం. నిండిపోతుంది, కీ బిగుసుకుంటుంది, గడియారం మాత్రం కదలదు. దాంతో నింద కీ మీదికి పోతుంది. ముందు ఆగింది, తర్వాత నిండింది. ఈ వరసను మనం తిరగేసి చెప్పుకుంటున్నాం. స్ప్రింగ్ నిజంగా తెగితే కీ బిగుసుకోదు, ఎంత తిప్పినా పట్టు చిక్కదు. కీ గట్టిగా ఉందంటే మీ స్ప్రింగ్ క్షేమంగా ఉన్నట్టే.

మరి ఎందుకు ఆగింది? చాలాసార్లు నూనె ఎండిపోయి. ఈ టైంపీసుల్లో ఎక్కువవాటికి బేలన్స్ (టిక్కుటిక్కుమంటూ అటూ ఇటూ ఊగే చక్రం) ఇరుసు రెండు చివరలూ సూదిమొనల్లా ఉంటాయి. ఆ మొనలు స్క్రూలలోని చిన్న గుంటల్లో తిరుగుతాయి. ఎప్పుడో పోసిన నూనె ఆ గుంటల్లో జిగురై, దుమ్ముతో కలిసి పేస్టులా గడ్డకడుతుంది. మిషన్ విప్పి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, అవసరమైనచోట్ల వాచీ నూనె చుక్క పెడితే చాలావరకు లేచి నడుస్తాయి. కొత్త భాగం ఒక్కటి కూడా వెయ్యక్కర్లేదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, “స్ప్రింగ్ పోయింది” అన్న మాటతోనే అసలు నష్టం మొదలవుతుంది. ఆ మాట వినగానే కొన్ని దుకాణాల్లో “పాత మిషన్ తీసేసి సెల్లు మిషన్ వేయించుకోండి, కీ ఇచ్చే బాధ ఉండదు” అంటారు. ఖర్చు తక్కువ, పని గంటలో అయిపోతుంది, మనం తల ఊపేస్తాం.

తెనాలి నుంచి ఒకావిడ అలాగే వచ్చింది. వాళ్ల మామగారి షాంఘై కోడి టైంపీసు, అంటే చైనాలో చేసిన కోడి బొమ్మ గడియారం. మంచంలో ఉన్న చివరి రోజుల్లో కూడా ఆయనే కీ ఇచ్చేవారట. ఆయన పోయాక ఆగిపోతే ఓ దుకాణంలో సెల్లు వేయించింది. టైము సరిగ్గానే చూపిస్తోంది. “అన్నయ్యా, టైము బాగానే ఉంది గానీ కోడి ఎందుకు పొడవట్లేదు?” అని అడిగింది. ఏం చెప్పను? ఆ కోడి తల విడి బొమ్మ కాదమ్మా, లోపలి లీవరుకు తగిలించి ఉంటుంది, ప్రతి టిక్కుకీ లీవరు అటూ ఇటూ ఊగితేనే తల ఆడుతుంది అన్నాను. సెల్లు మిషన్లో ఆ లీవరే లేదు. పాత మిషన్ ఏదని అడిగితే, దుకాణంలోనే వదిలేశానంది. మర్నాడు వెళ్లి అడిగితే తుక్కులో వేసేశామన్నారట. అక్కడే కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. సెల్లు మిషన్ మధ్య గొట్టం లావు. అది పట్టాలంటే చాలావాటిలో డయల్ రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చెయ్యాలి. ఆ రేకు మళ్లీ అతకదు. పాత ముళ్లు కొత్త ఇరుసుకు పట్టవు కనుక వాటినీ తీసి పారేస్తారు. మిక్కీ టైంపీసులో ముళ్లంటే మిక్కీ చేతులే! వాటి స్థానంలో మామూలు నల్ల ముళ్లు పెట్టిన టైంపీసులు నా దగ్గరికి వచ్చాయి, చూడలేకపోయాను. సేకరించేవాళ్లు అలాంటిదాన్ని డబ్బా ధరకు తప్ప కొనరు.

తప్పక సెల్లు వేయించుకోవాల్సి వస్తే ఒక్కటి చెయ్యండి. పాత మిషన్, ముళ్లు, కీలు, స్క్రూలు అన్నీ ఓ డబ్బాలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. వీలున్నంతవరకు డయల్‌కు ఆకురాయి తగలనివ్వకండి.

కిరసనాయిల్లో ముంచితే నడుస్తుందంటారు. నడుస్తుంది, కొన్నాళ్లు. కరిగిన మురికి పోయి ఆ సూదిమొనల దగ్గరే చేరి వాటిని అరగదీస్తుంది. కొబ్బరినూనె అసలే వద్దు, మన ధనుర్మాసపు తెల్లవారుజాముకే పేరుకుంటుంది. మిషన్ ఇంట్లో విప్పుదామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: స్ప్రింగ్ బలం పూర్తిగా దించకుండా ప్లేట్లు విప్పితే వేళ్లు తెగుతాయి.

ఇక రేడియం గోల. “చీకట్లో మెరిసే పాత టైంపీసులుంటే చెప్పన్నా, లోపలి రేడియానికి లక్షలిస్తారంట” అని బెజవాడ నుంచి కుర్రాళ్లు ఫోన్లు చేస్తారు. ఎవరూ ఇవ్వరు. రేడియం అంటే రేడియోధార్మిక పదార్థం, డయల్ మీద ఉండేది రవ్వంత పూత. కొంటానని చెప్పి ముందు మిమ్మల్నే అడ్వాన్సు కట్టమని అడిగేవాడు దొంగ, అంతే. ఆ ఆశతో డయల్ గీకడం మాత్రం నిజంగా ప్రమాదం, ఆ పొడి ఊపిరితోనో నోటితోనో లోపలికి పోకూడదు. 1920ల్లో అమెరికాలో ఆ పూత వేసే అమ్మాయిలు కుంచె మొన సన్నగా రావడానికి పెదవులతో తడుపుకునేవారు. ఎంతోమంది దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు.

భయపడేవాళ్లు కూడా ఉన్నారు. పటమట నుంచి ఓ తల్లి, ఉయ్యాల పక్కన తన తండ్రి టైంపీసు పెట్టుకుని, ఇది పారెయ్యాలా అని వణుకుతూ అడిగింది. పారెయ్యక్కర్లేదమ్మా. అద్దం పగలకుండా ఉంటే హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకోండి, పడకగదిలో వద్దు, తెరవొద్దు. మెరుపు పోయింది కాబట్టి రేడియం పోయిందనుకోకండి. అలిసిపోయింది మెరిసే రసాయనం. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. అలాగని మెరిసేవన్నీ రేడియం కావు, మన బళ్ల నంబరు ప్లేట్ల మీది “రేడియం స్టిక్కర్” లో రేడియమే లేదు.

మిక్కీ పుట్టింది 1928లో గనుక మీ టైంపీసు కూడా అప్పటిదే అనుకోవద్దు. మిక్కీ వాచీలు, గడియారాలు మొదలైందే 1933లో, ఇంగర్‌సోల్ అనే వాచీ కంపెనీ పేరుతో. డయల్ మీద చిన్నక్షరాలు చదవండి. “వెస్ట్ జర్మనీ” అని ఉంటే 1949కి ముందుది కాదు. “వాల్ట్ డిస్నీ ప్రొడక్షన్స్” అనే పేరు 1986 దాకా నడిచింది కాబట్టి, అది ఉన్నంత మాత్రాన ముప్పైలనాటిది అయిపోదు. షాంఘై కోడి అరుదైనదీ కాదు. మన జిల్లాల్లో అటకల మీద ఇంకా దొరుకుతోంది. లక్షలకు ఆశపడకండి, వెయ్యికి అమ్మేసుకోకండి.

తెనాలి ఆవిడ టైంపీసుకు నా దగ్గరున్న పగిలిన కేసులోంచి అదే రకం మిషన్ తీసి వేశాను. డయల్ రంధ్రం పెద్దదైపోయింది కనుక వెనకాల ఇత్తడి వాషరు పెట్టాల్సి వచ్చింది. కోడి పొడుస్తోంది. ముళ్లు మాత్రం ఆ జత ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి వేరేవి పెట్టాను. ఎవరింట్లోనైనా అద్దం పోయి, డయల్ తుప్పుపట్టి పారెయ్యబోయే కోడి టైంపీసు ఉంటే పారెయ్యకండి. నాకు ఆ ముళ్లు కావాలి.