గ్రంథం అంటే ముడి

చిరంజీవులకు ఆశీస్సులు.

బైబిలును తెలుగులో పరిశుద్ధ గ్రంథం అంటారు. సిక్కులది గురు గ్రంథ్ సాహిబ్. మరి డాక్టరు గారు మెడ తడిమి చెప్పే థైరాయిడ్ గ్రంథి? పూజించే పుస్తకానికీ, మెడలోని ఉండకీ చుట్టరికం ఉంది.

సంస్కృతంలో 'గ్రంథ్' ధాతువుకు గుచ్చడం, ముడివేయడం అని అర్థం. ముడి గ్రంథి, గుచ్చి కూర్చినది గ్రంథం. ఆకుల్ని గుచ్చినందుకు ఆ పేరని కొందరు, మాటల్ని మాలగా గుచ్చినందుకని కొందరు అంటారు. పాణిని సూత్రాల్లోనే ఈ మాట 'రచన' అన్న అర్థంలో ఉంది, అందుకని నా మొగ్గు రెండోదానివైపే. మన 'కూర్పు' కూడా అదే ఊహ కదా! కానీ తాటాకు పుస్తకం చేసే పద్ధతి చూస్తే మొదటిదాన్నీ కొట్టిపారేయలేం.

ఆకును ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపుగా రుద్ది, అన్నీ ఒకే కొలతకు కోస్తారు. వెడల్పు సాధారణంగా 3, 4 సెంటీమీటర్లే. తాడు దూర్చడానికి ఒకటో రెండో బెజ్జాలు. బెజ్జం చుట్టూ రాయకుండా వదలాలి, లేకపోతే తాడు ఒరిపిడికి అక్షరాలు పోతాయి. గంటంతో గీసిన రాత మొదట సరిగా కనబడదు. దీపపు మసి నూనెలో కలిపి పూసి తుడిస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. నార వెంబడి గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది. మన అక్షరాల గుండ్రదనానికి అదో కారణమని చెబుతారు. చివరికి పైనా కిందా చెక్క పలకలు పెట్టి, తాడు చుట్టి ముడివేస్తారు. మరీ బిగిస్తే బెజ్జం దగ్గర చిరుగుతుంది. తాడు తెగితే ఆకులు కలిసిపోతాయి కాబట్టి అంచున అంకె వేస్తారు. అది ఆకుకు ఒకటే, రెండు వైపులకూ కలిపి.

లేఖకులకు 'గ్రంథం' ఒక కొలత కూడా. 32 అక్షరాలు ఒక గ్రంథం, అంటే ఒక అనుష్టుప్ శ్లోకమంత. వరుసకు 60 అక్షరాలు, వైపుకు 7 వరుసలు, 100 ఆకులు అనుకోండి. 60ని 7తో, 2తో, 100తో గుణిస్తే 84,000. దాన్ని 32తో భాగిస్తే 2,625 గ్రంథాలు. వచనమైనా కొలత ఇదే. ఒత్తుల్ని విడిగా లెక్కపెట్టకూడదు, 'స్త్రీ' ఒకటే అక్షరం.

వేదానికి మాత్రం 'శ్రుతి' అని పేరు. వినడమే అక్కడ పద్ధతి, తాడుతో పని లేదు.

సిక్కుల ఆది గ్రంథ్‌ను గురు అర్జన్ 1604లో కూర్పించారు. 1708లో, మన నిజామాబాద్ దాటాక వచ్చే నాందేడ్‌లో, గురు గోవింద్ సింగ్ ఇకపై దాన్నే గురువుగా భావించమన్నారు. అచ్చు ప్రతిలో 1430 పుటలు. పుటను 'అంగ్' అంటారు, అంటే అంగం. గురుద్వారాలో దాన్ని చదివే ఆయన 'గ్రంథీ'. ముడి కాదు సుమా!

ఇక రాసేటప్పుడు: 'గ్రంధం', 'గ్రంధాలయం' అని బోర్డుల మీద కూడా కనిపిస్తాయి, అవి తప్పు. పొట్టలో చుక్క ఉన్న 'థ' రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య