ఎర్ర పాచిక, నీలి పాచిక: ఒక సినిమా చూసి ముచ్చటపడితే మిగతావి ఎందుకు తేలిపోతాయి?

"అన్నయ్యా, ఆయన సినిమా ఒకటి చూసి ఆ రాత్రి నిద్రపోలేదు, అంత బాగా చేశాడు. వారం తిరక్కుండా వెతికి ఆయనవే ఇంకో మూడు చూశాను. ఒక్కటీ దాని దరిదాపుల్లోకి రాలేదు. పేరొచ్చాక శ్రద్ధ తగ్గిపోయిందంటావా?" అని మా చెల్లెలు అడిగింది.

ఒక నటుడి సినిమాలు నాలుగైదు చూసినవాళ్ళు ఎవరైనా ఇదే మాట అంటారు. జవాబులు కూడా తయారుగానే ఉంటాయి: పొగరెక్కింది, కథలు ఎంచుకోవడం చేతకాలేదు, దిష్టి తగిలింది, ద్వితీయ విఘ్నం. ఆ నటుడు ఏ తప్పూ చేయకపోయినా, ఒక్క రవ్వ కూడా మారకపోయినా, మా చెల్లెలికి సరిగ్గా ఇదే అనుభవం కలుగుతుందని చూపించాలనిపించింది. గణితంలో నాకు అత్యంత ఇష్టమైన విషయాల్లో ఇదొకటి. దానికి రెండు పాచికలు చాలు.

పాము–నిచ్చెన డబ్బాలోంచి ఒక ఎర్ర పాచిక, ఒక నీలి పాచిక తీశాం. ఎర్రది నటుడి సత్తా. అది ఒక్కసారే పడుతుంది, తర్వాత కదలదు. నీలిది మిగతాదంతా: కథ, దర్శకుడు, ఎడిటింగ్, సంగీతం, పక్కన నటించినవాళ్ళు, ఆ రోజు మన మూడ్. ఇది ప్రతి సినిమాకీ కొత్తగా పడుతుంది. రెండూ కలిపితే సినిమాకి వచ్చే మార్కు. కనిష్ఠం 2, గరిష్ఠం 12, సగటు 7.

11 గానీ 12 గానీ పడితే హిట్ అనుకుందాం. మా చెల్లెలు రెండు పాచికలూ కలిపి వేస్తూ పోయింది. ఒక్కో వేటూ ఒక్కో కొత్త నటుడు. 5, 8, 7, 3, 9, 6... చాలాసేపటికి 11 పడింది. ఎర్రది 5, నీలిది 6. "ఇప్పుడు ఎర్రదాన్ని కదపకు, నీలిదొక్కటే మళ్ళీ వెయ్యి" అన్నాను. నీలిది 2 పడింది, మొత్తం 7. మళ్ళీ వేస్తే 4, మొత్తం 9. మళ్ళీ 3, మొత్తం 8. కాగితం మీద వరసగా 11, 7, 9, 8 అని రాసి ఉంది. ఆ అంకెలను చూసి తను, "ఇవి నేను చూసిన నాలుగు సినిమాలే కదా" అంది.

ఎర్ర పాచిక బల్ల మీద అలాగే ఉంది, దాని మీద 5 అలాగే ఉంది. తగ్గిందల్లా నీలిదే. నిజానికి అది కూడా తగ్గలేదు, మామూలు స్థితికి వచ్చిందంతే. మొదటిసారి 6 పడడమే అరుదైన సంగతి.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, ఎందుకంటే అసలు అందం లెక్కలోనే ఉంది. 11 గానీ 12 గానీ వచ్చే దారులు మూడే: ఎర్ర 5 నీలి 6, ఎర్ర 6 నీలి 5, రెండూ 6. ఈ మూడింటి సగటు మార్కు 11.33. ఎర్ర పాచిక సగటు మాత్రం 5.67. తర్వాతి సినిమాకి నీలిది సగటున 3.5 ఇస్తుంది కనక, ఆశించదగ్గ మార్కు 9.17. హిట్ మార్కు 7 కన్నా 4.33 ఎక్కువ, తర్వాతిది 2.17 ఎక్కువ, అంటే సరిగ్గా సగం. ఆ సగం యాదృచ్ఛికం కాదు. రెండు పాచికల విస్తృతీ, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, సమానం (ఒక్కోదానికి 35/12) కాబట్టి, ఒకే నటుడి రెండు సినిమాల మార్కుల మధ్య సహసంబంధ గుణకం, అంటే ఆ రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే సంఖ్య, 0.5. తర్వాతి సినిమా అంచనా ఎప్పుడూ ఇంతే: సగటు, దానికి గుణకాన్ని మొదటి మార్కు సగటుకి ఎంత దూరంలో ఉందో దానితో గుణించి కలపడం. ఇంకో విధంగా చూస్తే, హిట్ వచ్చే మూడు దారులకీ, తర్వాత నీలిది పడగల ఆరేసి రకాలు కలిపితే 18; వాటిలో 14 సార్లు రెండో సినిమా మొదటిదానికన్నా తక్కువ, 3 సార్లు సమానం, ఎక్కువ అయ్యేది ఒక్కసారే.

సినిమా అనేది ఎంతోమంది చేతుల మీదుగా నడిచే పని కాబట్టి నీలి పాచికలు రెండు ఉండాలి అంటారా? వేసి చూడండి. సగటు ఇప్పుడు 10.5. ఒక సినిమాకి 16 పడిందనుకోండి. మూడు పాచికలూ ఒకే రకం కాబట్టి ఆ 16ని మూడు సమాన వాటాలు చేస్తే ఎర్రదాని వంతు సగటున 5.33. రెండు నీలివి కలిసి మళ్ళీ ఇచ్చేది సగటున 7. మొత్తం 12.33. సగటు మీద 5.5 ఆధిక్యం 1.83కి, అంటే మూడో వంతుకి పడిపోయింది. ఫలితంలో నటుడి వాటా ఎంత చిన్నదైతే పతనం అంత లోతుగా కనిపిస్తుంది. జనం మాత్రం ఆ పతనం మొత్తాన్నీ నటుడి ఖాతాలోనే రాస్తారు. పోస్టర్ మీద కనిపించే ముఖం ఆయనదే కదా.

ఇలా సగటు వైపు జారడాన్ని మొదట గుర్తించినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్. 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులు, ఎదిగిన 928 మంది వాళ్ళ పిల్లల ఎత్తులు సేకరించి 1886లో వ్యాసం ప్రచురించాడు. తల్లిదండ్రుల ఎత్తు సగటు నుంచి ఎంత దూరంలో ఉందో, పిల్లల ఎత్తు అందులో మూడింట రెండు వంతుల దూరంలోనే ఉంది. దీన్నే ప్రతిగమనం (రిగ్రెషన్) అన్నారు, సగటు వైపు మళ్ళడం. మనకు కాలేజీలో ప్రతిగమనం అంటే చుక్కల మధ్య గీత గీయడమని చెప్పి, సూత్రం బట్టీ పట్టించి వదిలేస్తారు. ఆ పేరెందుకొచ్చిందో చెప్పరు. నాకు ఈ విషయంలో నిజంగా బాధ. ఆ ఒక్క కథ చెబితే పిల్లలు జీవితాంతం మర్చిపోరు.

హిట్ మాటే చెప్పాను, ఫ్లాప్ కూడా అంతే. 2, 3 పడిన మూడు దారుల సగటు 2.67, తర్వాతి సినిమా సగటు 4.83. విమర్శకులు చీల్చి చెండాడిన నటుడు తర్వాతి సినిమాలో కాస్త మెరుగ్గా కనిపిస్తాడు. "మేం గట్టిగా చెప్పాం కాబట్టే దారికొచ్చాడు" అని అందరూ నమ్ముతారు. అర్థశాస్త్రంలో 2002 నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్‌కి సరిగ్గా ఇదే మాట ఇజ్రాయెల్ వైమానిక దళంలో వినబడింది. విమానాన్ని చక్కగా తిప్పిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే మరుసటిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ణి అరిస్తే మెరుగుపడుతున్నాడు, కాబట్టి పొగడ్త పనికిరాదు అని ఒక శిక్షకుడు వాదించాడు. కానెమన్ నేల మీద ఒక గురి గీసి, శిక్షకులందరినీ వీపు తిప్పి నిలబెట్టి, ఒక్కొక్కరితో రెండేసి నాణేలు వెనక్కి విసిరించాడు. మొదటిది గురికి దగ్గరగా పడినవాళ్ళలో ఎక్కువమందికి రెండోది దూరం పడింది, దూరం పడినవాళ్ళలో ఎక్కువమందికి దగ్గరైంది. అక్కడ పొగిడినవాళ్ళూ లేరు, అరిచినవాళ్ళూ లేరు.

దిష్టి నమ్మకం ఎందుకంత గట్టిగా నిలబడిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. దిష్టి తగిలిందని ఎప్పుడంటాం? బాగా వెలిగిన తర్వాత. ఏ పనైనా శిఖరానికి చేరిన మరుసటిసారి కాస్త దిగడమే ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, ఆ నమ్మకానికి సాక్ష్యాలకు కరువుండదు.

అభిమానికీ, తీరిక దొరికినప్పుడు చూసే మామూలు ప్రేక్షకుడికీ అసలు తేడా కూడా ఇదే. అభిమాని మొదటి సినిమా నుంచీ వరసగా చూస్తాడు. 6, 8, 7, 11, 9 అన్నీ అతని లెక్కలో ఉంటాయి. మామూలు ప్రేక్షకుడికి ఆ నటుడి పేరు చెవిన పడేదే హిట్ వల్ల. నలుగురూ చూడమన్నారు కాబట్టి 11తోనే మొదలుపెడతాడు. నీలి పాచిక మళ్ళీ వేయకముందే ఎంపిక జరిగిపోయింది. అందుకే ఇద్దరూ నిజమే చెబుతూ ఒకరినొకరు మూర్ఖులనుకుంటారు. మా చెల్లెలు నిరాశపడిన ఆ మూడింటి సగటు 8. మొత్తం సినిమాల సగటు 7. అంటే ఆమె "తేలిపోయాయి" అన్న సినిమాలు ఊరూపేరూ లేని మామూలు సినిమాలకన్నా మెరుగే. 11 పక్కన నిలబెట్టేసరికి 8 వెలవెలబోయింది.

నటులు నిజంగా ఎప్పుడూ దిగజారరని కాదు. ఎర్ర పాచిక కూడా ఏళ్ళ మీద మారుతుంది, 5 కాస్తా 3 కావచ్చు, 6 కూడా కావచ్చు. తేడా పట్టుకునే పరీక్ష ఒకటుంది, నాకు ఇది చాలా ఇష్టం. కాలాన్ని వెనక్కి తిప్పి చూడాలి. గాల్టన్ అంకెల్లో పొడవైన పిల్లలతో మొదలుపెట్టి వెనక్కి వెళితే, తల్లిదండ్రులు సగటున ఆ పిల్లలకన్నా పొట్టి. పాచికలకి ముందు వెనకలు తెలియవు. హిట్‌కి ముందు సినిమా మార్కు కూడా సగటున 9.17 రావాలి. కీర్తి వల్ల చెడిపోయాడన్నది నిజమైతే, కీర్తికి ముందు సినిమా హిట్‌కి దీటుగా ఉండాలి.

ఇది చెప్పగానే మా చెల్లెలు ఆ హిట్‌కి ముందు ఏడాది ఆయన చేసిన సినిమా వెతికి పెట్టింది. అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు, పోస్టర్ మీద కూడా మూడో వరసలో ఉంది. ఇద్దరం కూర్చుని చూశాం. గంటసేపటికి తను ఆపి, కాగితం తీసుకుని 11కి ఎడమ పక్కన 8 అని రాసింది.