వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడితే కొంపలేం మునగవు

జూన్ వచ్చిందంటే మా ఆఫీసులో ఇదే గోల. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే. "సార్, రిజెక్ట్ చేస్తారటగా?"

అపోహ: సర్‌నేమ్ లేకపోతే అమెరికా వీసా రాదు, అర్జెంటుగా పాస్‌పోర్ట్ మార్పించాలి.

వాస్తవం: వస్తుంది. వీసా అప్లికేషన్ ఫారమైన డీఎస్-160లో పాస్‌పోర్ట్‌లోని పేరు మొత్తం, మూడు ముక్కలున్నా సరే, సర్‌నేమ్ గడిలో వేసి గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టాలి. వీసా మీదా అలాగే అచ్చవుతుంది. యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం ఐ-20లో మాత్రం సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) పద్ధతి ప్రకారం పేరు సర్‌నేమ్ చోట ఉంటుంది, గివెన్ నేమ్ ఖాళీ. ఒకదాంట్లో ఎఫ్‌ఎన్‌యూ ఉంది, ఇంకోదాంట్లో లేదు అని బెంబేలు పడకండి.

అసలు మునిగేది ఎక్కడంటే, ఐ-20 చేతికొచ్చి, వీసా ఇంటర్వ్యూ స్లాట్ కూడా దొరికాక, ఎవడో ఏదో అన్నాడని తత్కాల్‌లో రీఇష్యూకి పరుగెత్తినప్పుడు. కొత్త పాస్‌పోర్ట్‌కి కొత్త నంబరు. డీఎస్-160 మళ్లీ నింపాలి, స్లాట్ ప్రొఫైల్ సరిచేయాలి, ఐ-20లో పేరు మార్చమని యూనివర్సిటీని బతిమాలాలి. టోఫెల్ స్కోరూ, బ్యాంకు లోన్ లెటరూ పాత పేరుతోనే ఉంటాయి. క్లాసులేమో ఆగస్టులో మొదలు! సర్‌నేమ్ పెట్టించుకోవడం మంచిదే, నేనూ అదే చెబుతాను. కానీ బీటెక్ మూడో ఏడులో, అప్లికేషన్లు మొదలుపెట్టకముందే. మధ్యలో మాత్రం ముట్టుకోవద్దు.

పోయినేడు ఖమ్మం నుంచి ఒకాయన రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేశారు. వీసా స్టాంపింగ్ అయిపోయింది. పక్కింటి కుర్రాడు దాన్ని చూసి "ఎఫ్‌ఎన్‌యూ అంటే అనుమానితుల లిస్టు, ఎయిర్‌పోర్ట్ నుంచే తిప్పి పంపేస్తారు" అన్నాడట. అమ్మాయి అన్నం తినడం లేదు. "అన్నా, ఫోను పాపకివ్వండి" అన్నాను. పాస్‌పోర్ట్‌లో పేరు సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు భాగాలుగా లేనివాళ్లందరికీ అదే పడుతుందమ్మా, నువ్వేదో తప్పు చేశావని కాదు అని చెప్పేసరికి అవతల ఏడుపు ఆగింది. ఇప్పుడు డాలస్‌లో చదువుతోంది. కాలేజీ మెయిళ్లు "డియర్ ఎఫ్‌ఎన్‌యూ" అని వస్తాయని నవ్వుతుంది. ఆ కుర్రాడు ఇంతవరకూ పాస్‌పోర్ట్ కూడా తీసుకోలేదు.

అపోహ: టెన్త్ మెమోలో ఇంటిపేరు ఉందిగా, ఫారాల్లో మనమే విడగొట్టి రాసేయొచ్చు.

వాస్తవం: వద్దు. పాస్‌పోర్ట్‌లో లేని ఇంటిపేరు ఏ ఫారంలోనూ సర్‌నేమ్ కాదు.

టికెట్ సంగతి: ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. కొన్ని ఎఫ్‌ఎన్‌యూ వేయమంటాయి, కొన్ని అదే పేరు రెండుసార్లు. వాళ్లనే అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

అపోహ: దుబాయ్‌లో సింగిల్ నేమ్ బ్యాన్ చేశారు కాబట్టి ఇక ఏ దేశం రానివ్వదు.

వాస్తవం: 2022 నవంబర్ 21న యూఏఈ పెట్టిన నిబంధన అది, విజిట్, టూరిస్ట్ వీసాల మీద అక్కడికి వెళ్లేవాళ్లకు. పేరు ఒకే ఒక్క మాటగా ఉంటేనే చిక్కు. పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని కొద్దిరోజుల్లోనే వివరణ కూడా వచ్చింది. అమెరికా స్టూడెంట్ వీసాకీ దీనికీ సంబంధమే లేదు.