‘మంచిగనే ఉన్న’ అంటే అవ్వకెట్ల తెలిసింది?

దుబాయి నుంచి జగిత్యాలకు ఫోన్. “మంచిగనే ఉన్న అవ్వా” అంటాడు కొడుకు. “ఏమైందిరా బిడ్డా, గొంతు గట్లున్నది?” అంటుంది తల్లి. మాటలు రోజూ అనేవే. ఆమె పట్టుకున్నది గొంతులోని జీరను.

ఆ జీర ఫోన్‌లోంచి రావడమే ఒక వింత. మగవాళ్ల స్వరతంతువులు మామూలుగా సెకనుకు 100 నుంచి 150 సార్లు, ఆడవాళ్లవి 200 సార్ల దాకా అదురుతాయి. ఆ వేగమే మనకు గొంతు స్థాయిగా వినిపిస్తుంది. పాతకాలపు ఫోన్ లైన్లు మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని అదుర్లు) వరకే. వాట్సాప్ కాల్ అంతకన్నా ఎక్కువే మోసినా, సెల్‌ఫోన్ చిన్న స్పీకర్ తక్కువ స్థాయి స్వరాలను సరిగా పలికించలేదు. కొడుకు గొంతు 110 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఆ అసలు స్వరం తల్లి చెవిదాకా రాదు. వచ్చేవి దాని గుణిజాలు: 330, 440, 550. వాటి మధ్య ఎడం 110 అని మెదడే పోల్చుకుని, రాని స్వరాన్ని వినిపిస్తుంది. గొంతు వణికితే ఆ ఎడమూ వణుకుతుంది.

“గట్లనా” అన్న ఒక్క మాటను ఆశ్చర్యంగా, అనుమానంగా, విసుగ్గా అని చూడండి. అక్షరాలు మారవు. స్వరం ఎక్కడ లేచింది, చివరి ‘నా’ ఎంతసేపు సాగింది, ఎంత గట్టిగా పడింది అన్నవే మారతాయి. దుఃఖంలో మాట నెమ్మదించి స్వరం చప్పబడుతుంది. కోపంలో గొంతు బిగిసి పదునెక్కుతుంది. భయంలో స్థాయి పైకి పోతుంది.

మెదడు ఈ పనిని పంచుకుంటుంది. ‘ప’కూ ‘బ’కూ ఉన్న తేడా సెకనులో వెయ్యో వంతులు 20 నుంచి 50 ఉండే చిన్న ముక్కలో తేలిపోతుంది. మాట బాణీ మాత్రం 150 నుంచి 300 వంతుల మీదుగా సాగుతుంది. మొదటిదానికి ఎడమ కణత వెనకున్న శ్రవణ భాగం, రెండోదానికి కుడిది ఎక్కువగా మొగ్గుతాయి. ఇది మొగ్గే తప్ప గోడ కాదు, రెండు వైపులా పని నడుస్తూనే ఉంటుంది. విన్న 200 వంతుల్లోనే గొంతులోని భావానికి మెదడు బరువు కడుతుంది. దాన్ని మాటల అర్థంతో సరిచూసుకోవడం మరికాస్త తర్వాత.

కాలిఫోర్నియాలో మూర్ఛ శస్త్రచికిత్స రోగుల మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చేసిన పరిశోధన 2017లో వెలువడింది. కొన్ని చోట్లు ఎవరు మాట్లాడినా, ఏ వాక్యమైనా, స్వరం ఎక్కి దిగడానికే స్పందించాయి. అదీ ఆ మనిషి మామూలు స్థాయితో పోల్చి. బొంగురు గొంతు పెద్దాయన దిగులునూ, సన్నగొంతు పిల్ల దిగులునూ మనం ఒకే తీరుగా గుర్తుపట్టేది అందుకే.

ఐనవోలు జాతరలో దూరాన కూర్చున్నవాళ్లకు ఒగ్గు కథ మాటలు మైకు గోలలో కలిసిపోతాయి. అయినా శోకఘట్టం వచ్చిందని తెలుస్తుంది. గోల సన్నని హల్లులను చెరిపినంత తొందరగా సాగే బాణీని చెరపలేదు.

పక్షవాతం మెదడు కుడివైపును దెబ్బతీస్తే (అప్పుడు చచ్చుబడేది ఒంటి ఎడమవైపు) ఈ ఏర్పాటే దెబ్బతినొచ్చు. ఇలియట్ రాస్ అనే వైద్యుడు 1981లో దీన్ని ‘అప్రోసోడియా’గా, అంటే గొంతులో భావం పలకకపోవడం లేదా అందకపోవడంగా, వర్గీకరించారు. దెబ్బ కుడి ముందుభాగంలో అయితే మనసులో ప్రేమ ఉన్నా గొంతు చప్పగా వస్తుంది. కణత వెనకభాగంలో అయితే ఎదుటివాళ్ల కోపమో బతిమాలుటో అందదు. ఇంట్లోవాళ్లేమో “మనిషి రాయి లెక్క అయిండు” అని బాధపడతారు. అది మనసు మారడం కాదు, మెదడుకు తగిలిన గాయం.

ఇంకో ప్రమాదం ఆలస్యం. మాట చాలాసార్లు బాగానే ఉంటుంది గనుక ఎడమ చెయ్యి జారుతున్నా, మూతి వంకర పోయినా “తిమ్మిరే” అని ఆగిపోతారు. నెత్తురుగడ్డ కరిగించే మందు మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే పనికొస్తుంది. మాట బాగుందని ఆగొద్దు.

తర్వాత సాధన. స్పీచ్ థెరపిస్టు ఒక వాక్యాన్ని కోపంగా అంటే రోగి మొదట ఆయనతో కలిసి, తర్వాత ఆయన వెనక, చివరికి తానొక్కడే అనాలి. వాక్యాలు “తిన్నవా”, “ఎప్పుడొస్తవ్” లాంటి ఇంటి మాటలైతే మేలు. ఇంట్లోవాళ్లు మాత్రం గొంతు మీద ఆధారపడకుండా “నాకు కోపమొచ్చింది”, “నాకు భయమైతున్నది” అని విడమరచి చెప్పాలి. మెదడులో మాటల అర్థం తెలిపే ఎడమవైపు అతనికి ఇంకా బాగానే ఉంది.