450 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన 450 కాదు: కంప్యూటర్ మన్నికపై అపోహలు - వాస్తవాలు

ఉరుముల వానకి కరెంటు పోయి వస్తుంది. కంప్యూటర్ మాత్రం ఆన్ కాదు. పక్కింటాయన "మదర్‌బోర్డు కాలిపోయుంటుంది" అనేస్తాడు. అంతే, సీపీయూని (క్యాబినెట్‌నే అందరూ అలా అంటారు, అనండి) ఒళ్లో పెట్టుకుని ఆటోలో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పరుగు. లోపల పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు ఉంటాయి, కంగారు సహజమే. కానీ ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బాని.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ ఏదైనా ఒకటే

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు కాల్చేది ఈ మాటే. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వేలకు వేలు పోసి, క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టేస్తారు. దాని మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి, స్టిక్కర్ మీది పట్టిక చూడండి. 12 వోల్టుల కింద 14 ఆంపియర్లు అని ఉంటే 12×14, అంటే 168 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తాగేది ఈ 12 వోల్టులనే. నిజమైన 450 అయితే అక్కడ 35 ఆంపియర్లకు అటూ ఇటూ ఉండాలి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌ల మీద ఉండే 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాదో చెబుతుంది, ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ప్లగ్ పీకి, 24 పిన్నుల కనెక్టర్‌తో సహా లోపలి వైర్లన్నీ విప్పండి. ఆ కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ పక్క నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపి, అప్పుడు ప్లగ్ మళ్లీ పెట్టి స్విచ్ వేయండి. ఫ్యాన్ తిరిగింది కదా అని వదిలేయకండి. మల్టీమీటర్‌తో పసుపు, నల్ల వైర్ల మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు రావాలి. ఇక్కడ తప్పితే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. సరిగ్గా ఉన్నా లోడ్ పడగానే కూలిపోవచ్చు, కాబట్టి చివరి మాట మరో మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూశాకే. డబ్బా మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు.

అపోహ: ఎర్తింగ్ లేకపోయినా నడుస్తోందిగా

నడుస్తుంది. క్యాబినెట్‌ని వట్టి కాళ్లతో నిలబడి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటుంది కూడా. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు లీకయ్యే కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌లోకి పంపాలి. దారి లేకపోతే అది రేకు మీదే ఉంటుంది, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులోకి దూకుతుంది. పాత అద్దె ఇళ్లలో మూడో రంధ్రం అలంకారమే. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ 230 వోల్టుల దరిదాపుల్లో చూపించకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం మానండి.

మిగతావి గబగబా

ఏసీ లేకపోతే వేసవిలో పాడవుతుందా? వేడెక్కితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. అసలు శత్రువు ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌లో పేరుకున్న దుమ్ము. ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టి బ్లోయర్ కొట్టండి.

ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ రాసే కొద్దీ అరిగిపోతుందా? 300 టీబీ రాయొచ్చని కంపెనీ హామీ ఉన్నదాన్లో రోజుకు 30 జీబీ రాసినా 27 ఏళ్లు.