కోతి కంట్లో చూసిన నెలసరి

"పీరియడ్స్ వాయిదా వేసే మాత్రలు వేసుకుంటే ఆ నెల పోవలసిన చెడు రక్తం లోపలే ఉండిపోతుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఉండిపోదు. లోపల నిల్వ ఉండే రక్తమంటూ ఏదీ లేదు. మరి మాత్ర దేన్ని ఆపుతోంది?

అండాశయాల బొమ్మ బడి పుస్తకంలో చూసే ఉంటారు, దాన్ని దాటేద్దాం. (ఆ పాఠం రోజున "ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేసే టీచర్లు ఇంకా ఉన్నారు.) నాకు ఇష్టమైన కథ అండం విడుదలయ్యాక మొదలవుతుంది. అండం బయటపడిన తిత్తి పచ్చటి ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. దాని పేరు కార్పస్ లూటియం, ఆయుష్షు సుమారు రెండు వారాలు. ఆ రెండు వారాలు పెద్దగా మారవు. అందుకే నెలసరి పది రోజులు ఆలస్యమైందంటే, గర్భం లేనప్పుడు, సాధారణంగా ఆలస్యమైంది అండం విడుదలే. జ్వరమో టెన్షనో దాన్ని వెనక్కి నెట్టి ఉండవచ్చు.

కొన్ని రైలింజన్లలో డ్రైవర్ కాలితో అదిమి ఉంచాల్సిన పెడల్ ఒకటి ఉంటుంది. కాలు తీశాడా, బ్రేకులు వాటంతట అవే పడతాయి. ప్రొజెస్టిరాన్ ఆ కాలు. అది అదిమి ఉన్నంతకాలం గర్భాశయం లోపలి పొర నిలబడుతుంది. గర్భం వస్తే పిండం పంపే హెచ్‌సీజీ అనే హార్మోన్ కార్పస్ లూటియాన్ని బతికించి, కాలు కదలకుండా చూస్తుంది. ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్ పట్టుకునేది ఈ హార్మోన్‌నే. ఆ కబురు రాకపోతే ముద్ద ఎండిపోతుంది, కాలు లేస్తుంది.

లేచాక ఏమవుతుందో మార్కీ అనే శాస్త్రవేత్త కళ్ళారా చూశాడు. రీసస్ కోతుల గర్భాశయపు పొర ముక్కల్ని వాటి కంట్లోనే, నల్లగుడ్డు ముందున్న నీటి గదిలో నాటాడు. ముక్కలు అక్కడ నాటుకున్నాయి. కంటి ముందున్న పారదర్శకమైన పొరే కిటికీ అయింది. 1940లో ప్రచురించిన ఆ పరిశీలన ఇప్పుడు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది. రక్తస్రావానికి కొన్ని రోజుల ముందే పొర కుంచించుకుపోయింది. అందులో స్ప్రింగుల్లా మెలితిరిగిన ధమనులు ఇరుకున పడి మరింత మెలికలు పడ్డాయి, రక్తం నెమ్మదించింది. స్రావానికి 4 నుంచి 24 గంటల ముందు ఆ ధమనులు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే సడలడం, దెబ్బతిన్న గోడల్లోంచి రక్తం కారడం! గర్భాశయంతో నరాల సంబంధం ఏమాత్రం లేకపోయినా కంట్లోని ముక్క కూడా నెలసరికి లోనైంది. కబురు రక్తంలోంచే వస్తోందన్నమాట, సరిగ్గా చెప్పాలంటే కబురు ఆగిపోవడమే కబురు.

ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం తప్పదు. ప్రొజెస్టిరాన్ తగ్గగానే పొరలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఎక్కువగా తయారుచేస్తాయి. వాటిలో ఎఫ్2 ఆల్ఫా అనేది ధమనుల్నీ, గర్భాశయ కండరాన్నీ బిగిస్తుంది. పొత్తికడుపు మెలిపెట్టే నొప్పి అదే. కొంత రక్తంలో కలిసి పేగుల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి కొందరికి విరేచనాలు, వాంతులు. ఐబుప్రోఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి, అప్పటికే తయారైనవాటిని తీసెయ్యలేవు. అందుకే నొప్పి ముదిరాక కన్నా మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ని అడగాలి.

మళ్ళీ మన మాత్ర దగ్గరికి. వాయిదాకు ఎక్కువగా వాడే నోరెథిస్టెరాన్ ప్రొజెస్టిరాన్ లాంటిదే, పెడల్ మీద పెట్టిన ఇటుక అనుకోండి. పొర అలాగే నిలబడి ఉంటుంది, విరగదు. మాత్ర మానితే ఇటుక తీసినట్టు, సాధారణంగా రెండు మూడు రోజుల్లో స్రావం వస్తుంది. గతంలో కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు మాత్రం దీన్ని సొంతంగా వాడకూడదు.

ఇక "చెడు" రక్తం సంగతి. బయటికొచ్చే రక్తం సగటున 30-40 మిల్లీలీటర్లు. దానితోపాటు పొర ముక్కలు, స్రావాలు ఉంటాయి, విషం ఉండదు. వియన్నాలో బేలా షిక్ అనే పేరున్న పిల్లల డాక్టరే 1920లో, నెలసరిలో ఉన్న పనిమనిషి ముట్టుకుంటే పూలు వాడిపోయాయని, ఆమె ఒంట్లో ఏదో విషం ఉందని రాశాడు. అలాంటి విషం ఉందని ఎవరూ రుజువు చేయలేకపోయారు. మూఢనమ్మకం తెల్లకోటు వేసుకుంటే వదిలించడం ఇంకా కష్టం.

పెడల్ మీద అసలు కాలే పడని వాళ్ళున్నారు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యలో నెలల తరబడి అండం విడుదల కాకపోవచ్చు. అండం లేకపోతే కార్పస్ లూటియం లేదు, ప్రొజెస్టిరాన్ లేదు. ఈస్ట్రోజన్ మాత్రం పొరను పెంచుతూనే ఉంటుంది. ఎప్పుడో ఎక్కడో విరిగి, వస్తే ధారాళంగా, లేకపోతే మరకలుగా కనిపిస్తుంది. ఇలా ఏళ్ళు గడిస్తే గర్భాశయపు పొరలో కాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే మూడు నెలలైనా నెలసరి రాకపోతే, ముందు గర్భం కాదని తేల్చుకున్నాక, చాలాసార్లు డాక్టర్లు ప్రొజెస్టిరాన్ తరహా మాత్రలు కొన్ని రోజులిచ్చి ఆపేస్తారు. కాలు పెట్టడం, తీయడం. వారం పది రోజుల్లో స్రావం వస్తే, పొర ఈస్ట్రోజన్‌తో పెరిగే ఉందని, దారి మూసుకుపోలేదని వాళ్ళకు అర్థమవుతుంది.