బైక్ మీద లాంగ్ ట్రిప్‌కి ఇద్దరు పట్టే టెంట్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో టెంట్లు అద్దెకిస్తాం, చిరిగినవీ విరిగినవీ బాగుచేసిస్తాం. అందుకని ఏ టెంట్ ఎక్కడ దెబ్బతింటుందో రోజూ కళ్లారా చూస్తుంటాం. లడఖ్‌కో కన్యాకుమారికో బయల్దేరే కుర్రాళ్లు వచ్చి అడిగే మొదటి మాట దాదాపు ఒకటే: "అన్నా, కిలోన్నర లోపు ఏముంది?" అడగాల్సిందే, కానీ అంతకంటే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

అపోహ: ఎంత తేలికైతే అంత మంచిది

ఈ గ్రాముల లెక్క వీపున బ్యాగు వేసుకుని కొండలెక్కేవాళ్లది. మన సామాను మోసేది బండి. కిలోన్నర టెంట్‌కీ రెండుంపావు కిలోల టెంట్‌కీ ఉన్న తేడా బండి నడిపేటప్పుడు మీకు తెలియనే తెలియదు, కొనేటప్పుడు జేబుకి మాత్రం బాగా తెలుస్తుంది. బైక్ మీద అసలు ఇబ్బంది పెట్టేది పొడవు. చాలా టెంట్లలో మడిచిన పోల్స్ 40 నుంచి 50 సెంటీమీటర్లుంటాయి, అంత పొడవు చాలా సైడ్ బ్యాగుల్లో పట్టదు, వెనక సీటు మీద అడ్డంగా కట్టాల్సి వస్తుంది, ఇద్దరు వెళ్తుంటే ఆ సీటూ ఖాళీ ఉండదు. కాబట్టి ముందు మీ బ్యాగు లోపలి పొడవు టేపుతో కొలుచుకోండి. పోల్స్ 30-35 సెంటీమీటర్లకు మడతపడే టెంట్ దొరికితే అరకిలో ఎక్కువున్నా అదే తీసుకోమంటాను. పొడుగు పోల్స్ ఉన్న టెంట్ ఇప్పటికే కొనేసి ఉంటే, కంపెనీ ఇచ్చిన సంచిలోనే అన్నీ కుక్కాలని రూలేమీ లేదు. గుడ్డ సైడ్ బ్యాగులో పెట్టి, పోల్స్ వేరే సంచిలో చుట్టి క్యారియర్‌కి బండి పొడవునా కట్టండి. విసరగానే తెరుచుకునే పాప్-అప్ టెంట్లు మడిస్తే పెద్ద చక్రమంత అవుతాయి, కారుకైతే సరే, బైక్‌కి వద్దు.

ఇంకొకటి, మన బండ్లకు ఎక్కువగా సైలెన్సర్ కుడివైపు ఉంటుంది. టెంట్ ఎడమ బ్యాగులోకి పోవాలి. నైలాన్ గుడ్డ వేడి సైలెన్సర్‌కి తగిలితే కరిగి అంటుకుపోతుంది, అలాంటి కన్నానికి అతుకు వేయడం చాలా కష్టం.

అపోహ: టూ పర్సన్ అంటే ఇద్దరికి సరిపోతుంది

ఇద్దరు మనుషులకు సరిపోతుంది, ఇద్దరు రైడర్లకు చాలదు. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెంటీమీటర్లు, పెద్దదైతే 63 దాకా. టెంట్ నేల వెడల్పు 130 అంటే రెండు పెద్ద మ్యాట్లు పరిచాక అరచేయి ఆనించే చోటు కూడా మిగలదు. మరి రెండు హెల్మెట్లు, రెండు జాకెట్లు, నాలుగు బూట్లు, ట్యాంక్ బ్యాగు ఎక్కడ పెడతారు? అందుకే రెండువైపులా తలుపు, ప్రతి తలుపు ముందూ ఫ్లై (టెంట్ పైన కప్పే గుడ్డ) కింద వరండాలాంటి చోటు ఉందో లేదో చూడండి. ఒకే తలుపున్న టెంట్‌లో లోపలున్నాయన రాత్రి లేచి బయటికి వెళ్లాలంటే రెండోవాళ్లను తొక్కుకుంటూ వెళ్లాలి. ఒక్కరే వెళ్తుంటే టూ పర్సన్ సరిగ్గా సరిపోతుంది. జంటగా వెళ్తూ వరండా చిన్నదైతే త్రీ పర్సన్ చూడండి.

అపోహ: 5000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే తడవం

ఆ అంకెకు అర్థం, గుడ్డ మీద అంత ఎత్తు నీళ్లు నిలబెట్టినా అవతలికి చుక్క దిగదని. వాన తట్టుకోవడానికి ఫ్లైకి 1500 నుంచి 3000 ఉంటే చాలు, మన మోకాలూ మోచేయీ నొక్కే నేల గుడ్డకు ఎక్కువుండాలి. నీళ్లు కారేది ఎక్కువగా కుట్ల దగ్గర. ఫ్లైని తిరగేసి కుట్టు వెంబడి టేపు అతికించి ఉందో లేదో, మూలల్లో లేచిందో లేదో గోటితో తడిమి చూడండి.

"నీళ్లు కారింది అన్నా" అని మా దగ్గరికి తెచ్చే టెంట్లలో చాలావాటికి చిల్లే ఉండదు. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరితో వదిలే తేమ గ్లాసు నీళ్లకు తక్కువుండదు. గాలాడకపోతే అది చల్లటి ఫ్లైకి లోపలివైపు పట్టేస్తుంది, తెల్లవారుజామున వేలితో గీస్తే గీత వెంబడే ధారగా దిగుతుంది. వాన పడుతోందని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ. ఒకే పొర ఉన్న టెంట్ తేలికే, కానీ తేమ నేరుగా మీ స్లీపింగ్ బ్యాగు మీదికే వస్తుంది. లోపల జాలీ గది, పైన విడిగా ఫ్లై, రెండింటికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉన్నదే తీసుకోండి. ఎండాకాలం మైదానాల్లో ఫ్లై తీసేసి జాలీతోనే పడుకోవచ్చు, దోమలు రావు, గాలాడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు వాయుగుండాలొచ్చినప్పుడు ఇంకో పరీక్ష ఉంటుంది. ముందు లోపలి గది కట్టి తర్వాత ఫ్లై కప్పే టెంట్ అయితే వానలో వేసేలోపే నేలంతా తడిసిపోతుంది. ముందే ఫ్లై నిలబెట్టి దాని కింద గది తగిలించే వీలుందా అని కొనేటప్పుడే అడగండి.

అపోహ: పెగ్‌లు గట్టిగా కొడితే ఏ టెంటైనా నిలబడుతుంది

చిత్తూరు, మదనపల్లె వైపు వెళ్లినవాళ్లకు ఈ సంగతి ఒక్క రాత్రిలోనే అర్థమవుతుంది. పైన బెత్తెడు మట్టి, కింద బండ. నేలలో దిగ్గొట్టే పెగ్ మేకు సగం దిగి వంగిపోతుంది. పెగ్‌ల లాగుడు మీదే నిలబడే టెంట్లు బరువు తక్కువే కానీ ఇక్కడ ఏడిపిస్తాయి. పోల్స్ గుచ్చగానే తనంతట తాను నిలబడేది తీసుకోండి. మూలల తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టి కట్టుకోవచ్చు. లడఖ్ గులకరాళ్ల నేలలోనూ ఇదే పద్ధతి. అక్కడ మధ్యాహ్నం దాటాక గాలి ఊపేస్తుంది కాబట్టి తాళ్లన్నీ కట్టాల్సిందే, సంచిలో దాచిపెట్టొద్దు.

అపోహ: ఫైబర్ పోల్స్ కూడా అల్యూమినియం లాంటివే

కావు. ఫైబర్‌గ్లాస్ పోల్ ఎండకూ వాడకానికీ నిలువునా చీలుతుంది, ఆ నార అరచేతిలో గుచ్చుకుంటే కంటికి కనిపించదు, నెమ్మదిగా మంట పుడుతుంది. విరిగిన మొన ఫ్లైని కూడా చీరేస్తుంది. అల్యూమినియం వంగుతుంది, దారిలో చేత్తో సరిచేసుకోవచ్చు, విరిగినా పైన ఒక గొట్టం తొడిగి టేపు చుడితే ఇంటిదాకా వస్తుంది. డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి.

అపోహ: ఫోర్ సీజన్ టెంట్ అయితే చలి వేయదు

చలి ఆపేది కింద మ్యాట్, పైన స్లీపింగ్ బ్యాగ్. మనాలీ-లేహ్ దారిలో 4,200 మీటర్ల పైనున్న సర్చులో అయినా అంతే. ఫోర్ సీజన్ టెంట్ మంచూ గాలీ తట్టుకోవడానికి చేసింది, బరువెక్కువ, మన ఊళ్లో వేస్తే ఉడికిపోతారు. చలిగా ఉందని లోపల స్టవ్ మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అపోహ: కింద పెద్ద టార్పాలిన్ వేస్తే మంచిది

టెంట్ అంచు దాటి బయటికి వస్తే ఫ్లై మీద నుంచి జారిన నీళ్లన్నీ పట్టుకుని మీ కిందికే తెస్తుంది. నాలుగువైపులా రెండంగుళాలు లోపలికి ఉండాలి.

అపోహ: నీళ్ల పక్కన, అడవిలో ఎక్కడైనా వేసుకోవచ్చు

ఎండిన వంకలో వేయొద్దు. పైన కొండల్లో వాన పడితే కింద మీకు తెలిసేసరికి నీళ్లొచ్చేస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోనే వరద ఎలా వచ్చిందో చూశాం కదా. శేషాచలంలో చిరుతలున్నాయి, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో ఏనుగులున్నాయి, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండటం నేరం కూడా.

అపోహ: ఇంటికొచ్చాక సంచిలో పెట్టి అటక మీద పడేస్తే చాలు

మా దగ్గరికి చచ్చిపోయి వచ్చే టెంట్లలో ఎక్కువ ఇలాంటివే. తడితో మడిచి, వేడికి మాడే అటక మీద పెడితే నీళ్లు దిగకుండా లోపల పూసిన పియు (పాలియురేథేన్) కోటింగ్ చెడిపోతుంది. మొదట పుల్లటి వాసన, తర్వాత పట్టుకుంటే వేళ్లకు జిగురు, ఆపైన తెల్లటి పొట్టులా రాలిపోతుంది. అప్పుడు ఎవరూ బాగుచేయలేరు. తిరిగొచ్చిన రోజే నీడలో ఆరేయండి, ఎండలో వద్దు, ఎండకు గుడ్డ బలం పోతుంది. పూర్తిగా ఆరాక వదులుగా ఒక కాటన్ సంచిలో పెట్టి గదిలోనే ఉంచండి. కుట్టు దగ్గర టేపు లేస్తే మాత్రం కంగారుపడక్కర్లేదు, సీలర్ (కుట్టు సందులు మూసే జిగురు) రాస్తే సరిపోతుంది. కానీ సిలికాన్ పూసిన గుడ్డకు సిలికాన్ సీలరే అంటుకుంటుంది, పియు సీలర్ రాస్తే ఆరగానే ఊడొస్తుంది, కాబట్టి మీ టెంట్ ఏ రకమో దాని లేబుల్ మీద చూసి తర్వాతే ట్యూబ్ కొనండి.